ఇప్పచెట్టు - ఆల్కహాలు కుటుంబము

మార్చి, ఏప్రిలు నెలలలో భద్రాచలము చుట్టునున్న అడవులలో తెల్లవారకముందే మనుష్యుల అలికిడి వినవచ్చును. చర్ల, దుమ్ముగూడెము ప్రాంతముల కోయ కుటుంబములవారు పిల్లలతోసహా బుట్టలు పట్టుకొని ఇప్పచెట్ల క్రిందికి చేరుదురు. వేకువజామున రాలిన పూలు నేలనిండ పరచుకొనియుండును. లేత పసుపు కలిసిన తెల్లని రంగు, కండగల రేకులు, నోట వేసికొన్న మంచి తీపి. ఎండ ఎక్కకముందే ఏరి తెచ్చి వాకిళ్లలో ఆరబోసినచో, కొద్ది దినములలో అవి ఎండుద్రాక్షవలె ముడుచుకొని గోధుమరంగునకు తిరుగును.

వృక్షశాస్త్రజ్ఞులు మధుకా లాంగిఫోలియా అని పిలుచు ఈ చెట్టు సపోటా కుటుంబమునకు చెందినది. దీని పూవు ఆహారము. గింజ నూనెకు పనికివచ్చును. పూవును పులియబెట్టి కాచినచో సారా దిగును. అడవి ఉత్పత్తులను కొనుటకై 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొను సరకులలో ఇప్పపూవు, ఇప్పగింజ రెండును ఉన్నవి.

రసాయనశాస్త్రమున ఆల్కహాలులు అను అధ్యాయము ఈ ఒక్క చెట్టు క్రిందనే చాలవరకు చదువుకొనవచ్చును. పూవులోని చక్కెర, పూవునుండి దిగిన సారా, గింజనూనెలో దాగియున్న గ్లిజరిను - ఈ మూడింటియందును హైడ్రాక్సిల్ అను ఒకే పరమాణు సమూహము కలదు. అయినను మొదటిది ఆహారము, రెండవది మత్తుపదార్థము, మూడవది మందులలో వాడబడు తియ్యని ద్రవము. అదే సమూహము గల మరియొక ద్రవము కన్నులు పోగొట్టి ప్రాణము తీయు విషము. ఒకే సమూహము ఇన్ని రూపములు దాల్చుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానమే ఆల్కహాలుల వర్గీకరణము.

నీటికి దగ్గరి చుట్టము

నీటి అణువులో ఒక ఆక్సిజను పరమాణువునకు ఇరువైపుల రెండు హైడ్రొజను పరమాణువులు ఉండును. అందొక హైడ్రొజనును తొలగించి, ఆ చోట కార్బను, హైడ్రొజనులతో కూడిన ఆల్కైల్ సమూహమును నిలిపినచో ఏర్పడునది ఆల్కహాలు. మిగిలిన ఆక్సిజను, హైడ్రొజనుల జంటయే హైడ్రాక్సిల్ సమూహము. అనగా ఆల్కహాలు అణువులో సగము నీటి స్వభావము, సగము కిరసనాయిలు స్వభావము ఉన్నవని చెప్పవచ్చును.

ఈ రెండు స్వభావముల పోటీనుండియే ఆల్కహాలుల గుణములు పుట్టుచున్నవి. ఎథేను సాధారణ ఉష్ణోగ్రతలో వాయువు. అది సున్నకు దిగువ 89 డిగ్రీల సెంటిగ్రేడువద్దనే మరుగును. దానిలో ఒక్క హైడ్రాక్సిల్ సమూహము చేరి ఎథిల్ ఆల్కహాలు కాగానే మరుగుస్థానము 78 డిగ్రీలకు ఎక్కును. ఒక అణువులోని హైడ్రాక్సిల్ హైడ్రొజనును ప్రక్క అణువులోని ఆక్సిజను తనవైపునకు ఆకర్షించుటచే అణువులు ఒకదానినొకటి పట్టుకొనియుండును. ఈ పట్టునే హైడ్రొజను బంధము అందురు. ఇట్టి బంధములు నీటితోను ఏర్పడును గనుక చిన్న ఆల్కహాలులు నీటిలో ఏ పాళ్లలోనైనను కలిసిపోవును. కార్బను గొలుసు పెరిగినకొలది నూనె స్వభావము పైచేయి అయి, నీటిలో కరుగుట తగ్గిపోవును.

ఆల్కహాలు అను మాట అరబ్బీభాషనుండి వచ్చినది. కన్నులకు పెట్టుకొను సుర్మా అను మెత్తని పొడికి ఆ భాషలో అల్-కుహ్ల్ అని పేరు. తరువాత ఏ వస్తువునుండియైనను తీసిన మెత్తని సారమునకు ఆ పేరు చెల్లినది. 16వ శతాబ్దమున పారసెల్సస్ అను వైద్యుడు ద్రాక్షసారాయమునుండి తీసిన స్పిరిటునకు ఈ మాట వాడెను. కన్నులకు మేలుచేయు వస్తువు పేరు కన్నులు పోగొట్టు ద్రవమునకును చెందుట ఒక వింత.

మూడు ప్రశ్నలు

ఏ ఆల్కహాలునైనను గుర్తించుటకు మూడు ప్రశ్నలు వేయవలెను. మొదటిది: అణువులో హైడ్రాక్సిల్ సమూహములు ఎన్ని? ఒక్కటియే ఉన్నచో అది మోనోహైడ్రిక్ ఆల్కహాలు. సారాలోని ఎథిల్ ఆల్కహాలు ఇట్టిది. రెండున్నచో డైహైడ్రిక్, మోటారుబండ్ల రేడియేటరు నీటిలో కలుపు ఎథిలీను గ్లైకాల్ ఇందుకు ఉదాహరణము. మూడున్నచో ట్రైహైడ్రిక్, గ్లిజరిను ఈ తరగతిది. అంతకు మించినచో పాలీహైడ్రిక్ ఆల్కహాలులు. పండ్లలో లభించు సార్బిటాల్‌లో ఆరు హైడ్రాక్సిల్ సమూహములు కలవు. సమూహములు పెరిగినకొలది ద్రవము చిక్కబడును, మరుగుస్థానము హెచ్చును, తరచుగా తీపియు కలుగును. కాని తీపి భద్రతకు గుర్తు కాదు. గ్లిజరిను తియ్యనిదే, ఎథిలీను గ్లైకాల్ కూడ తియ్యనిదే. రెండవది మూత్రపిండములను పాడుచేయు విషము.

రెండవ ప్రశ్న: హైడ్రాక్సిల్ సమూహము కూర్చున్న కార్బను ఎట్టిది? ఆ కార్బనునకు మరియొక్క కార్బను మాత్రమే తగిలియున్నచో అది ప్రాథమిక ఆల్కహాలు. రెండు కార్బనులు తగిలియున్నచో ద్వితీయ ఆల్కహాలు. మూడు తగిలియున్నచో తృతీయ ఆల్కహాలు. మెథిల్ ఆల్కహాలులో ఉన్నది ఒకే కార్బను. దానికి వేరు కార్బను తోడు లేదు. అయినను దానిని ప్రాథమిక ఆల్కహాలులతోనే చేర్చుదురు. ఇచ్చట గమనింపదగినది మరియొకటి కలదు. హైడ్రాక్సిల్ సమూహము నేరుగా బెంజీను వలయపు కార్బనునకు తగిలియున్నచో ఆ పదార్థము ఆల్కహాలు కాదు, ఫీనాల్. దాని గుణములు వేరు.

మూడవ ప్రశ్న: కార్బను గొలుసు ఎంత పొడవు, ఎట్టి ఆకారము? నాలుగు కార్బనులుగల మోనోహైడ్రిక్ ఆల్కహాలును తీసికొనిన విషయము స్పష్టపడును. నాలుగు కార్బను, పది హైడ్రొజను, ఒక ఆక్సిజను పరమాణువులతో నాలుగు వేరువేరు బ్యూటిల్ ఆల్కహాలులు సాధ్యము. వానిలో రెండు ప్రాథమికములు, ఒకటి ద్వితీయము, ఒకటి తృతీయము. తిన్నని గొలుసుగల ప్రాథమిక బ్యూటిల్ ఆల్కహాలు 118 డిగ్రీలవద్ద మరుగగా, తృతీయ బ్యూటిల్ ఆల్కహాలు 82 డిగ్రీలవద్దనే మరుగును. పరమాణువుల లెక్క ఒక్కటే. అమరిక మారిన గుణము మారును. ఈ తృతీయ ఆల్కహాలును 1860 తరువాతి దశకమున రష్యా రసాయనవేత్త బట్లెరోవ్ తయారుచేసి, అణువులకు నిర్దిష్టమైన నిర్మాణము కలదను సిద్ధాంతమునకు బలము చేకూర్చెను.

పేరు పెట్టు పద్ధతి

వాడుక పేర్లు ఆల్కైల్ సమూహమునుబట్టి వచ్చినవి: మెథిల్ ఆల్కహాలు, ఎథిల్ ఆల్కహాలు, ప్రొపైల్ ఆల్కహాలు. అణువులు పెద్దవైనకొలది ఈ పేర్లు చాలవు. అందుచే 1892లో జెనీవా నగరమున సమావేశమైన రసాయనవేత్తలు ఒక క్రమపద్ధతికి పునాది వేసిరి. నేటి అంతర్జాతీయ పద్ధతి దానినుండి పెరిగినదే.

ఈ పద్ధతిలో మొదట హైడ్రాక్సిల్ సమూహము తగిలియున్న అతి పొడవైన కార్బను గొలుసును ఎన్నుకొనవలెను. ఆ గొలుసునకు సరిపోవు హైడ్రొకార్బను పేరు చివర ‘ఓల్’ అను ప్రత్యయము చేర్చవలెను. మీథేనునుండి మెథనోల్, ఎథేనునుండి ఎథనోల్ వచ్చునది ఇట్లే. గొలుసులోని కార్బనులకు హైడ్రాక్సిల్ సమూహము దగ్గరగానున్న కొననుండి సంఖ్యలు వేసి, అది కూర్చున్న చోటును సంఖ్యతో తెలుపవలెను. మూడు కార్బనుల గొలుసులో కొన కార్బనుమీద ఉన్నచో ప్రొపేన్-1-ఓల్; నడిమి కార్బనుమీద ఉన్నచో ప్రొపేన్-2-ఓల్. తృతీయ బ్యూటిల్ ఆల్కహాలు పేరు 2-మెథిల్ ప్రొపేన్-2-ఓల్. గ్లిజరిను పేరు ప్రొపేన్-1,2,3-ట్రయోల్. ఈ పేరు విన్నంతనే, చూడకుండగనే అణువు బొమ్మను గీయవచ్చును. సమూహములెన్ని, ఎక్కడ, గొలుసెంత అను మూడు ప్రశ్నలకును పేరులోనే జవాబులున్నవి.

పూవునుండి ఎథనోల్

ఎండిన ఇప్పపూవు బరువులో సుమారు సగము, మేలైన పూవులో అంతకు మించి, చక్కెరలే ఉండును. 1920లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పత్రికలో ఫౌలర్, ఆయన సహచరులు ఇప్పపూవు జీవరసాయనమునుగూర్చి తమ పరిశోధనలను ప్రకటించిరి. ఈ పూవు శాస్త్రజ్ఞుల దృష్టిలో పడి నూరేండ్లు దాటినదన్నమాట.

పూలను నీటిలో నానవేసి కుండలో ఉంచినచో ఈస్టు అను సూక్ష్మజీవి వానిలోని చక్కెరపై పనిచేయును. మొదట చెరకు చక్కెరవంటి సుక్రోజు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజులగును. పిమ్మట ఈస్టులోని ఎంజైములు ఆ చక్కెరలను ఎథిల్ ఆల్కహాలుగాను, కార్బన్ డయాక్సైడు వాయువుగాను మార్చును. కుండలో బుడగలు లేచుటకు కారణము ఈ వాయువే. జీవమున్న కణము లేకున్నను, ఈస్టునుండి పిండిన రసముతోనే ఈ మార్పు జరుగునని 1897లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బుక్నర్ నిరూపించెను. అందులకు 1907లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

లెక్క సులభము. 180 గ్రాముల గ్లూకోజునుండి 92 గ్రాముల ఎథిల్ ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడు రావలెను. ఒక కిలో ఎండుపూవులో అరకిలో చక్కెర ఉన్నదనుకొన్నచో సుమారు 255 గ్రాముల ఆల్కహాలు సిద్ధాంతరీత్యా లభించును. ఆచరణలో కొంత తగ్గును. కాని ఆల్కహాలు సుమారు నూటికి 15 పాళ్లకు చేరునప్పటికి సాధారణమైన ఈస్టు పనిచేయజాలదు. తాను తయారుచేసిన వస్తువే తనకు విషమగును. అందుచే చిక్కని ఆల్కహాలు కావలెనన్న స్వేదనము తప్పదు. పులిసిన ద్రవమును కాచినప్పుడు 78 డిగ్రీలవద్ద మరుగు ఆల్కహాలు ఆవిరిలో ఎక్కువపాలు పొందును. ఆ ఆవిరిని చల్లబరచిన ద్రవమే సారా. ఎన్నిమారులు స్వేదనము చేసినను బరువున నూటికి 95.6 పాళ్లు మించదు. అచ్చట నీరు, ఆల్కహాలు ఒక్క ద్రవమువలె కలిసి మరుగును. మిగిలిన నీటిని పొడిసున్నముతో పీల్చివేసినచో శుద్ధ ఆల్కహాలు లభించును.

ఆల్కహాలుల చర్యలు

ఆల్కహాలు చర్యలన్నియు అణువులో ఏ బంధము తెగుననుదానినిబట్టి తెలిసికొనవచ్చును. ఆక్సిజను-హైడ్రొజను బంధము తెగు చర్యలు కొన్ని. ఆరిన ఆల్కహాలులో చిన్న సోడియం ముక్క వేసినచో హైడ్రొజను బుడగలుగా వెలువడి, సోడియం ఆల్కాక్సైడు మిగులును. నీటితో సోడియం చర్య ఉగ్రము, ఆల్కహాలుతో నెమ్మది. చుట్టరికము ఉన్నను ఆల్కహాలు నీటికన్న మెత్తని స్వభావముగలదని ఈ ప్రయోగము తెలుపును.

కార్బను-ఆక్సిజను బంధము తెగు చర్యలు మరికొన్ని. గాఢ హైడ్రోక్లోరికామ్లము, జింకు క్లోరైడులతో హైడ్రాక్సిల్ స్థానమున క్లోరిను చేరును. 1930లో ల్యూకస్ ఈ చర్యను పరీక్షగా మలచెను. ఏర్పడిన క్లోరైడు నీటిలో కరగదు గనుక ద్రవము మసకబారును. తృతీయ ఆల్కహాలుతో మసక వెంటనే కనబడును. ద్వితీయముతో సుమారు ఐదు నిమిషములు పట్టును. ప్రాథమికముతో వేడిచేయకున్న కనబడదు. గాఢ గంధకికామ్లముతో ఎథిల్ ఆల్కహాలును 170 డిగ్రీలకు వేడిచేసినచో నీరు తొలగి ఎథిలీను వాయువు వచ్చును. 140 డిగ్రీలవద్ద రెండు అణువులు కలిసి ఈథరు ఏర్పడును. ముప్పది డిగ్రీల తేడాతో ఫలితము వేరు.

ఆల్కహాలు, కార్బాక్సిలికామ్లము కలిసినచో నీరు విడిపోయి ఎస్టరు ఏర్పడును. పండ్ల సువాసనలనేకము ఎస్టరులవే. ఇప్పగింజ నూనె కూడ ఎస్టరుల మిశ్రమమే. గ్లిజరినులోని మూడు హైడ్రాక్సిల్ సమూహములకును ఓలియిక్, స్టియరిక్, పామిటిక్ మొదలగు కొవ్వు ఆమ్లములు తగిలియుండును. పామిటిక్, స్టియరిక్ ఆమ్లముల పాలు ఎక్కువగుటచేతనే ఇప్పనూనె చలికాలమున నెయ్యివలె పేరుకొనును. ఈ నూనెను కాస్టిక్ సోడాతో ఉడికించినచో ఎస్టరులు విడిపోయి కొవ్వు ఆమ్లముల సోడియం లవణము, అనగా సబ్బు, గ్లిజరిను ఏర్పడును. ఈ విధముగా ఒకే చెట్టు పూవు మోనోహైడ్రిక్ ఆల్కహాలును, గింజ ట్రైహైడ్రిక్ ఆల్కహాలును ఇచ్చుచున్నవి.

అన్నింటికన్న ముఖ్యమైనది ఆక్సీకరణము. ఆమ్లము కలిపిన పొటాసియం డైక్రోమేటుతో ప్రాథమిక ఆల్కహాలు మొదట ఆల్డిహైడు, పిమ్మట ఆమ్లమగును. నారింజరంగు ద్రావణము ఆకుపచ్చగా మారును. త్రాగి బండి నడపువారిని పట్టుటకు తొలినాళ్లలో వాడిన శ్వాసపరీక్ష ఈ రంగు మార్పుమీద ఆధారపడినదే. ద్వితీయ ఆల్కహాలు కీటోను అయి నిలిచిపోవును. తృతీయ ఆల్కహాలులో హైడ్రాక్సిల్ ఉన్న కార్బనుమీద హైడ్రొజను లేదు గనుక అది ఈ మార్పునకు సులభముగా లొంగదు. తాటికల్లు ఎక్కువకాలము నిలవయున్నచో పుల్లబడుట అందరెరిగినదే. గాలిలోని ఆక్సిజను సాయముతో బాక్టీరియా ఎథిల్ ఆల్కహాలును ఎసిటికామ్లముగా మార్చుటయే అందులకు కారణము. డైక్రోమేటు పరీక్షనాళికలో చేయు పనిని బాక్టీరియా కల్లుముంతలో చేయుచున్నది. మనుష్యుని కాలేయమును అదే పని చేయును.

ఒక్క కార్బను తేడా

కాలేయములోని ఆల్కహాల్ డీహైడ్రోజనేజ్ అను ఎంజైము ఎథిల్ ఆల్కహాలును ఎసిటాల్డిహైడుగా మార్చును. మరియొక ఎంజైము దానిని ఎసిటికామ్లము చేయును. ఎసిటికామ్లమును శరీరము దహించి వాడుకొనగలదు. కాని నడుమ ఏర్పడు ఎసిటాల్డిహైడు హానికరము. ఏండ్లతరబడి త్రాగువాని కాలేయము చెడుట, కొన్ని కాన్సరులు వచ్చుట ఎథిల్ ఆల్కహాలు ఫలములే. కనుక అదియు నిరపాయమైనది కాదు.

మెథిల్ ఆల్కహాలులో ఒక కార్బను తక్కువ. చూచుటకు, వాసనకు, మండుటకు ఎథిల్ ఆల్కహాలునకు దానికి భేదము కనుగొనుట కష్టము. కాలేయమును భేదము పాటింపదు. అదే ఎంజైము దానినికూడ పట్టుకొనును. అయితే ఒక కార్బనుగల ఆల్కహాలునుండి వచ్చునది ఫార్మాల్డిహైడు, దానినుండి ఫార్మికామ్లము. ఫార్మికామ్లము చీమకాటులోనుండు ఆమ్లమే. శరీరము దీనిని మిక్కిలి నెమ్మదిగా వదలించుకొనును. అది పేరుకొని, కణములు ఆక్సిజనును వినియోగించుకొను ఏర్పాటును అడ్డగించును. రక్తములో ఆమ్లత్వము హెచ్చును. మొదట దెబ్బతినునది కంటినాడి. 10 మిల్లీలీటర్ల శుద్ధ మెథిల్ ఆల్కహాలు చూపును పోగొట్టవచ్చును; 30 మిల్లీలీటర్లు ప్రాణము తీయవచ్చును. ఆమ్లము పేరుకొనుటకు కాలము పట్టుటచే విషలక్షణములు తరచుగా 12 నుండి 24 గంటల తరువాతనే బయటపడును. త్రాగినవాడు రాత్రి బాగుగనే పడుకొని, మరునాడు కన్నులు మసకలని లేచును.

పులిసిన పూలనుండి మెథిల్ ఆల్కహాలు సాధారణముగా స్వల్పమాత్రమే ఏర్పడును. చావులు తెచ్చునది కర్మాగారములకొరకు తయారగు మెథిల్ ఆల్కహాలును లాభాపేక్షతో సారాలో కలుపుట. 2024 జూనులో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో మెథిల్ ఆల్కహాలు కలిసిన సారా త్రాగి 60 మందికి పైగా మరణించిరి. ఆంధ్రప్రదేశమున ప్రకాశము జిల్లా కురిచేడులో 2020లో కరోనా దినములయందు మద్యమునకు బదులుగా సానిటైజరు త్రాగి 10 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ప్రయోగశాలలో దీపమునకు వాడు మెథిలేటెడ్ స్పిరిటు కూడ త్రాగుటకు తగనిదిగా చేయబడిన ఆల్కహాలే అని విద్యార్థులు మరువరాదు.

ఇంటిలో చేయు ఏ పరీక్షయు ఈ విషమును పట్టియీయజాలదు. పాఠశాలలో నేర్పు అయొడోఫారము పరీక్షయు ఇచ్చట చాలదు. అయొడిను, క్షారములతో ఎథిల్ ఆల్కహాలు పసుపుపచ్చని అయొడోఫారమును ఇచ్చును. మెథిల్ ఆల్కహాలు ఇయ్యదు. కాని రెండును కలిసియున్న సారా కూడ పసుపుపచ్చని అవక్షేపమునే ఇచ్చును గదా! ఎథిల్ ఆల్కహాలు ఉన్నదని తెలియుటవలన మెథిల్ ఆల్కహాలు లేదని తెలిసినట్లు కాదు. మెథిల్ ఆల్కహాలును పట్టుటకు దానిని పర్మాంగనేటుతో ఫార్మాల్డిహైడుగా మార్చి, క్రోమోట్రోపికామ్లముతో ఊదారంగు పుట్టించి చూతురు. ఇది శిక్షణ పొందినవారు ప్రయోగశాలలో చేయవలసిన పని.

చికిత్స కూడ ఈ రసాయనశాస్త్రమునుండియే వచ్చినది. ఎంజైమునకు మెథిల్ ఆల్కహాలుకన్న ఎథిల్ ఆల్కహాలుమీద మక్కువ అనేకరెట్లు హెచ్చు. ఆసుపత్రిలో వైద్యులు కొలత ప్రకారము ఎథిల్ ఆల్కహాలునుగాని, ఫోమెపిజోల్ అను మందునుగాని ఇచ్చి ఎంజైమును ఆపివేయుదురు. ఈలోగా మెథిల్ ఆల్కహాలును, ఫార్మికామ్లమును డయాలిసిస్ ద్వారా రక్తమునుండి తొలగింతురు. ఇది ఇంటివైద్యము కానేకాదు. చూపు మసకబారిన మనిషికి మరికొంత సారా పోయుట అతనిని చంపుటయే. ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చుట ఒక్కటే ఇరుగుపొరుగువారు చేయగల మేలు.

పాఠము ఎచ్చట ప్రారంభింపవలెను?

పదవ తరగతి విద్యార్థికి ఎథనోల్ అనునది నల్లబల్లమీది సూత్రముగనే పరిచయమగును. ఖమ్మము, భద్రాచలము ప్రాంతపు బడిపిల్లలలో అనేకులు ఇప్పపూలు ఏరినవారే. గుప్పెడు ఎండుపూలు, కొన్ని ఇప్పగింజలు తరగతి బల్లమీద ఉంచి పాఠము ప్రారంభించినచో మోనోహైడ్రిక్, ట్రైహైడ్రిక్ అను మాటలు వారికి అంత పరాయివిగా తోపవు. ఆ పూవు కాగుటకే పుట్టినది కాదనియు వారికి తెలుపవలెను. వేయించియు, ఉడికించియు దానిని తినుట అడవిబిడ్డలు తరతరములుగా ఎరిగినదే. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు ప్రాంతమున గిరిజన మహిళలు ఇప్పపూవుతో లడ్డూలు చేసి అమ్ముచున్నారు. పూవులోని చక్కెర ఈస్టుకు పోవునా, పిల్లల కడుపునకు పోవునా అనునది మనుష్యులు నిర్ణయించుకొనవలసిన విషయము.

సమూహములెన్ని, ఎక్కడ, గొలుసెంత అను మూడు ప్రశ్నలు పరీక్షలో మార్కులకు మాత్రమే కాదు. సీసామీద ఆల్కహాలు అని వ్రాసియున్నప్పుడు, ఏ ఆల్కహాలు అని అడుగ నేర్చిన పిల్లవాడు తన ఇంటిలో ఒక ప్రాణమును కాపాడగలడు.